స్తోత్రం కింద నలిగిన మాట

నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు వెనక వీధిలో దిగి ఉట్టి సింహాద్రమ్మ ఇల్లెక్కడ అని అడిగితే, ఏ సింహాద్రమ్మ అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ ఒక్క వీధిలోనే ముగ్గురున్నారు. స్తోత్రం సింహాద్రమ్మ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్తారు. బాప్తిస్మం ఇచ్చిన రోజున పాస్టరు గారు ఆవిడకి సలోమి అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు మందిరం రిజిస్టరు దాటి బయటికి రాలేదు. ఆ మాటకొస్తే పాస్టరు గారి అసలు పేరు దేవుళ్లు. ఒక్క దేవుణ్ణి ప్రకటించే మనిషికి అంతమంది దేవుళ్లు దేనికని దానియేలు అని మార్చుకున్నారు.

సింహాద్రమ్మకి స్తోత్రం అనడానికి కారణం కరువయ్యేది కాదు. కుళాయిలో నీళ్లొస్తే స్తోత్రం. రాకపోతే, నిన్న పట్టిన బిందె అడుగున ఇంకా ఉన్నాయి కదా అని స్తోత్రం. జీడిపిక్కల షెడ్డులో రోజంతా పిక్కలు ఒలిచి, ఆ రసానికి వేళ్లు కాలి తోలు ఊడితే, కన్నుల్లో పడలేదు కదా అని స్తోత్రం. మొగుడు ఏజెన్సీ కొండల వైపు పోయి వేరే కాపురం పెట్టినందుకు కూడా ఒకసారి మందిరంలో నిలబడి స్తోత్రం చెప్పింది. "ఆడు తాగొచ్చి తన్నడం మానీసేడు కదండీ" అంది. ఆడవాళ్లు నవ్వాపుకోలేక పైట కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. అన్నిటికీ కృతజ్ఞత చెప్పమని బైబిలు వాక్యంలో ఉందని పాస్టరు గారు చెప్పారు, ఆవిడ చెబుతోంది. అందులో హాస్యమేముంది?

పక్కిల్లు మంగాదేవిది. రెండిళ్లకీ నడుమ గోడ ఒక్కటే. ఒంటి ఇటుక వరసతో లేపిన గోడ కావడంతో ఇటు దగ్గితే అటు వినిపించేది. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి సింహాద్రమ్మ ఆ గోడవైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసేది. తన కోసం అడిగింది తక్కువ. మంగాదేవి మొగుడు లచ్చన్న చింతపల్లి ఘాటీ రోడ్డు మీద జీపు తోలేవాడు. "ఈవేళ లచ్చన్న జీపెక్కుతాడు ప్రభువా, మలుపు మలుపుకీ తోడుండు. నిన్న బాగా తిప్పి తెచ్చావు, స్తోత్రం" అని ఆవిడ పైకే అనేది. ఆవిడని అక్క వరసతో పిలిచే లచ్చన్న గోడకి అవతల దుప్పట్లోంచి, "అప్పా, బ్రేకులు కొత్తవి ఏయించాను. ఈవేల్టికి నన్నొదిలీసి ఇంకెవరి పేరైనా సెప్పుకో" అని అరిచేవాడు. మంగాదేవి వాణ్ణి కసిరేది. ఆవిడ పూజలు ఆవిడవి, ఈవిడ ప్రార్థనలు ఈవిడవి. షెడ్డులో మాత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు, ఒకే గిన్నెలో ఆముదం పెట్టుకుని చేతులకి రాసుకునేవాళ్లు. ఇలా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

తొంభై ఎనిమిది ఏప్రిల్లో లచ్చన్నకి కడుపులో పుండు ముదిరింది. విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. వారం తర్వాత, ఆపరేషన్ సోమవారం అన్నారు. మంగాదేవి తన తమ్ముడు గంగులుని మంచం దగ్గర కూర్చోబెట్టి శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చింది. శనివారం ఉపమాక వెంకన్నకి మొక్కు చెల్లించి, ఆదివారం తిరిగి ఆసుపత్రికి వెళ్లాలని ఆవిడ లెక్క.

"నాలుగ్గంటలకి గంగులు నానాజీ బూతుకి ఫోన్ సేత్తాడు. నాను ఉపమాక నుంచి వచ్చీసరికి అయిదవుతాది. నువ్వెల్లి ఇనవే" అని సింహాద్రమ్మకి చెప్పి బస్సెక్కింది.

వీధి చివర ఎస్టీడీ బూతు నానాజీది. వీధి మొత్తానికి కష్టం సుఖం మోసుకొచ్చేది ఆ ఒక్క ఫోనే. సింహాద్రమ్మ మూడున్నరకే వెళ్లి బల్ల మీద కూర్చుంది. కూర్చున్నంత సేపూ పెదవులు కదుపుతూనే ఉంది. నాలుగు కొట్టాక ఫోను మోగింది. నానాజీ ఎత్తి ఆవిడకి అందించాడు.

అర నిమిషం మాట్లాడిందో లేదో, బూతు అద్దాలు అదిరేలా "స్తోత్రం! స్తోత్రం ప్రభువా!" అని అరిచింది. అవతల ఫోను పెట్టేశారు. సోమవారం అన్న ఆపరేషన్ శనివారమే చేసేశారని, అయిపోయిందని నానాజీతో చెప్పింది. నానాజీ కూడా సంతోషించి, పోనీలెండి, ఓ గండం గడిచింది అన్నాడు.

కాంప్లెక్సులో ఉపమాక బస్సు ఆగేసరికి సింహాద్రమ్మ తలుపు దగ్గరే ఉంది. మంగాదేవి చేతిలో ప్రసాదం పొట్లం ఉంది, ముఖం ఎండకి వాడిపోయి ఉంది.

"ఒలే, ఆపరేషన్ అయిపోనాదంట!"

"నిజవేనా? నీకెవులు సెప్పారు?"

"గంగులే సెప్పాడు. నా సెవులారా ఇన్నానే."

మంగాదేవి అక్కడే, బస్సుల మధ్యలో, సింహాద్రమ్మని వాటేసుకుని ఏడ్చింది. ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని ఇద్దరూ ఇంటికి నడిచారు. మంగాదేవి తలారా స్నానం చేసింది. పది రోజుల తర్వాత పొయ్యి మీద అన్నం ఉడికింది. గుత్తి వంకాయ వండి వీధిలో నాలుగిళ్లకి పంచింది. తను కంచం నిండా పెట్టుకుని తింది. పువ్వుల వాడు వీధిలోకి వస్తే, రెండు మూరల మల్లెపూలు కొని, ఒక మూర సింహాద్రమ్మకి ఇవ్వబోయి, మందిరానికెళ్లే మీరు పెట్టుకోరు కదా అని రెండూ తనే పెట్టుకుంది. లచ్చన్నకి మల్లెలంటే ఇష్టమని సిగ్గుపడుతూ చెప్పింది. సింహాద్రమ్మ గుమ్మంలో కూర్చుని ఆ సంబరాన్ని చూస్తూ, ఎన్నిసార్లు స్తోత్రం అందో ఆవిడకే తెలియదు.

దీపాలు పెట్టే వేళకి వీధిలోకి వ్యాను వచ్చింది.

లచ్చన్న శవాన్ని దించేటప్పటికి కంచం ఇంకా కడగకుండా అరుగు మీదే ఉంది. మంగాదేవి తల్లో పువ్వులు పట్టుకుని ఎటూ తోచక నిలబడిపోయింది. వాటిని తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. గంగులు వ్యాను దిగి నేరుగా సింహాద్రమ్మ మీదికి వచ్చాడు.

"బావ పోనాడని సెప్తే ఈవిడ ఫోన్లో స్తోత్రం, స్తోత్రం అని అరిసినాదప్పా! మన మనిసి సస్తే ఈళ్లకి పండగ! ఇంక నానేటి మాటాడతాను? ఫోనెట్టీసేను!"

వీధి వీధంతా ఆవిడ వైపు తిరిగింది. అప్పుడు నానాజీ అడ్డొచ్చాడు. జాలిగుండె మనిషి. "లైను బాగోలేదు బాబూ. అప్పుడే సీలేరు బస్సు హారను కొట్టినాది. గరగర తప్ప ఏటీ ఇనపడనేదు. ఆవిడ తప్పు కాదు" అన్నాడు. అవునా అన్నట్టు అందరూ ఆవిడని చూశారు. సింహాద్రమ్మ తల ఊపింది.

ఆ ఊపిన తలే ఆవిడకి తర్వాత కొరివైంది.

దినాలు గడిచాయి. వీధికి కోపం తగ్గింది. గంగులుకి తగ్గలేదు, వాడు తన ఊరు రావికమతం వెళ్లిపోయాడు. మంగాదేవి నెల తిరక్కుండానే షెడ్డుకి వచ్చి మళ్లీ పక్కనే కూర్చుంది. మొదట్లో మాట్లాడలేదు. ఒకరోజు ఆముదం గిన్నె మధ్యలోకి జరిపింది. "లైను బాగోపోతే నువ్వేటి సేత్తావే" అంది. సింహాద్రమ్మ చేతులకి ఆముదం రాసుకుంది. ఏమీ అనలేదు.

ఎందుకంటే లైను బాగానే ఉంది. సీలేరు బస్సు హారను కొట్టింది ఫోను పెట్టేశాక. గంగులు గొంతు పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. ఇది ఆవిడకి లచ్చన్న పోయిన నాలుగో రోజు తెల్లవారుజామున, మోకాళ్ల మీద ఉండగా గుర్తొచ్చింది. గంగులు "అప్పా" అన్నాడు. "ఆపరేషన్" అన్నాడు. ఆ మాట చెవిన పడీ పడకుండానే, అలవాటుగా, ఆవిడ నోట "స్తోత్రం" వచ్చేసింది. తన స్తోత్రం కింద వాడి మాటలో చిన్న ముక్క ఒకటి పడి నలిగిపోయింది. "లోనే." ఆపరేషన్లోనే అయిపోనాది అన్నాడు వాడు, మనిషి పోయాడని. ఆవిడ విన్నది ఆపరేషన్ అయిపోనాది. రెండక్షరాల తేడా. వాడింకా ఏదో చెప్పబోయాడు, ఆవిడ మళ్లీ మళ్లీ స్తోత్రం అని వాణ్ణి ముంచేసింది.

అది మొదలు ఆవిడకి ప్రార్థన కుదరలేదు. నాలుగున్నరకి లేచేది, గోడవైపు తిరిగి కూర్చునేది. నోరు తెరిస్తే స్తోత్రానికి బదులు "లోనే" వచ్చేది. ఇన్నేళ్లూ దేవుడితో కూడా అంతేనా అని భయం పట్టుకుంది. ఆయన ఏదో చెప్పబోతుంటే మధ్యలో స్తోత్రం అని అరిచి, ఎన్నిసార్లు ఫోను పెట్టేయించిందో! కుళాయి నీళ్లకీ, కాలిన వేళ్లకీ కృతజ్ఞత చెప్పడం ఆవిడకి తేలిక. మంగ క్షమించినందుకు చెప్పాలంటే మాత్రం, ఆ క్షమాపణ అబద్ధం మీద వచ్చింది. దొంగ సొమ్ము పెట్టుకుని దేవుడికి దండం పెట్టడం ఎలాగో ఆవిడకి తెలియలేదు. నిజం చెబుదామంటే, మంగ ఒక్కతే ఆవిడకి మిగిలిన మనిషి. మొగుడు వదిలేసి పోయాడు, పిల్లల్లేరు. ఆ ఆముదం గిన్నె మళ్లీ అటు జరిగితే ఎలా బతకాలి? అలా ఆరు నెలలు నోరు మూసుకుంది. షెడ్డులో ఆడవాళ్లు, స్తోత్రం ఏదమ్మా, అయిపోయిందా అని వేళాకోళం చేశారు. ఆవిడ పిక్కలు ఒలుచుకుంది.

నవంబరులో మందిరానికి రేకులు తీసి స్లాబు వేశారు. ఆ సందర్భంగా కృతజ్ఞత కూడిక పెట్టి, చుట్టుపక్కల వాళ్లందరినీ భోజనానికి పిలిచారు. పాస్టరు గారు సింహాద్రమ్మ ఇంటికి వచ్చారు.

"సిస్టరు గారూ, మీరు సాక్ష్యం చెప్పాలి. మీ మీద నింద పడింది, దేవుడు దాన్ని తీసేశాడు, మీ స్నేహితురాల్ని తిరిగిచ్చాడు. ఇంతకన్నా గొప్ప సాక్ష్యం ఎవరి దగ్గరుంది చెప్పండి?"

"నాను సెప్పలేనండి."

"అందుకే చెప్పాలి. చెప్పలేనప్పుడు చెప్పిందే స్తుతి" అన్నారు పాస్టరు గారు. మంచి మనిషే. మంచి మనుషులకి ఎదుటివాళ్ల ముఖం చూసే తీరిక ఉండదు, అదొక్కటే చిక్కు. వెళ్తూ వెళ్తూ పక్కింటి గుమ్మంలోనూ ఆగి, మంగాదేవిని కూడా రమ్మన్నారు.

ఏడాది తిరక్కుండా అలాంటి చోటికి ఎలా వెళ్తావని వీధిలో ముసలమ్మ ఒకరు మంగాదేవిని అడిగారు. "అదేటి పెళ్లా, పేరంటమా? సింహాద్రి మాటాడతాదంట, ఇనొస్తాను" అంది మంగాదేవి. వెళ్లి ఆడవాళ్ల వైపు వెనక వరసలో, గోడకి ఆనుకుని కూర్చుంది.

సింహాద్రమ్మ మైకు ముందు నిలబడింది. కొత్త సున్నం వాసన. వంటల దగ్గర్నుంచి కోడికూర వాసన.

"అందరికీ వందనాలండి. ఏప్రిల్ నెల్లో ఓ శనివారం నాడు నానాజీ బూతుకి ఫోనొచ్చినాది."

"స్తోత్రం!" అంది సంఘమంతా ఒక్క గొంతుతో. సాక్ష్యంలో వాక్యానికి ఒకసారి అలా అనడం వాళ్ల అలవాటు.

"ఆ ఫోను నానెత్తేను."

"స్తోత్రం!"

"గంగులు మాటాడతన్నాడు..."

"స్తోత్రం!"

"ఆగండి!" అంది సింహాద్రమ్మ. మైకు కీచుమంది. పాస్టరు గారు ఉలిక్కిపడ్డారు. "మీకు దణ్ణం పెడతాను, ఆగండి. ముందు ఇనండి. ఇన్నాక అనండి."

ఆవిడ వెనక వరసలోకి చూసి, ఆ ఒక్క మనిషికే చెప్పింది.

"లైను బాగానే ఉందే మంగా. బస్సు హారనూ లేదు, గరగరా లేదు. నానాజీ నా మీద జాలితో అలగన్నాడు, నాను తలూపేను. నీ తమ్ముడు ఆపరేషన్లోనే అయిపోనాది అని సక్కగానే సెప్పేడు. నాను ఆడి మాట పూర్తవనివ్వనేదు. మద్దిలో స్తోత్రం అనీసేను. ఆ లోనే నా స్తోత్రం కింద పడిపోనాది. ఇంకా ఏటో సెప్పబోనాడు, అదీ ఇననేదు. నీకు పువ్వులెట్టించింది నానే. అన్నం తినిపించింది నానే. ఆరు నెల్లబట్టి నీ ఆముదం రాసుకుంతన్నాను, నీకు సెప్పకుండా."

పాస్టరు గారు అలవాటుగా చెయ్యెత్తి, ఏదో అనబోయి, దించేసుకున్నారు. వెనక వరసలో మంగాదేవి లేచింది. చెప్పులేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా గుమ్మం దాటి వెళ్లిపోయింది. భోజనానికి ఆగలేదు.

మర్నాడు షెడ్డులో మంగాదేవి వేరే వరసలో, అప్పలలక్ష్మి పక్కన కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. సింహాద్రమ్మకి వేళ్లు మండాయి, రాసుకోవడానికి ఏమీ తెచ్చుకోలేదు. నిజం చెబితే గుండె తేలికవుతుందని ఎవరో అన్నారు గానీ, ఆవిడకి కాలేదు. తలుపు మూసుకుని ఏడ్చింది. ఏడుస్తున్నా అబద్ధం మాత్రం ఇప్పుడు లేదు, అదొక్కటే తేడా.

మూడో రోజు తెల్లవారుజామున అలవాటు చొప్పున లేచి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏమీ అనలేదు. అనడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. దూరంగా కాంప్లెక్సులో మొదటి బస్సు స్టార్టయింది.

గోడ మీద అవతల్నుంచి వేలితో కొట్టిన చప్పుడు.

"సింహాద్రీ."

ఆవిడ గోడకి దగ్గరగా జరిగింది. "ఊ."

"లెగిసేవా?"

"లెగిసేను."

తర్వాత మంగాదేవి గొంతు, గోడకి బాగా దగ్గరగా.

"ఆయన ఆసుపత్రికెల్లక ముందు, కడుపులో ఏదోలా ఉందే అన్నాడు."

సింహాద్రమ్మ నాలుక మీదికి ఏదో ఒకటి వచ్చింది. ఓదార్పో, దేవుడి మాటో. పళ్లు బిగపట్టి దాన్ని ఆపుకుంది.

"తరవాత?" అంది.

"సోడా తాగి పడుకో అన్నాను. మాట పూర్తవకముందే అన్నాను. షెడ్డు నుంచొచ్చి ఒళ్లు నొప్పులు నాకు. మర్నాడూ అన్నాడు. మర్నాడూ సోడా అన్నాను."

"తరవాత?"

"పన్నెండు రోజులు సెప్పేడే. పన్నెండు రోజులూ సోడాయే అన్నాను. జీపు తోలలేక మలుపులో ఆపీసి కూకున్నానన్న రోజు కూడా అదే అన్నాను. డాకటరు అడిగితే, నిన్నటి నుంచే నొప్పని సెప్పేను. గంగులుకీ తెలీదు. ఎవులికీ తెలీదు." గోడకి అవతల ముక్కు చీదిన చప్పుడు. "నువ్వంతమందిలో సెప్పీసేవు. నాను నీకొక్కద్దానికే సెప్తన్నాను."

సింహాద్రమ్మ కళ్లు తుడుచుకోలేదు, ఆ చప్పుడుకి మాటేదైనా పోతుందేమోనని. మంగాదేవి చెబుతూనే ఉంది. ఆసుపత్రి గురించి, ఆఖరి గురువారం లచ్చన్న కమలాపండు అడిగిన సంగతి, ఉపమాకలో మొక్కిన మొక్కు, కంచం నిండా తిన్న ఆ అన్నం. మల్లెపూలు ఎవరూ తియ్యకపోతే చివరికి తనే తీసుకుని వ్యాను తలుపు దగ్గర పెట్టిన సంగతి. కిటికీ చువ్వల్లోంచి వెలుగు వచ్చేదాకా చెప్పింది. సింహాద్రమ్మ తరవాత అన్న మాట తప్ప ఇంకే మాటా అనలేదు.

"అంతే" అంది మంగాదేవి చివరికి. "ఇన్నావా?"

"ఇన్నాను. అంతా ఇన్నాను."

"అయితే అను."

"ఏటనాలి?"

"నీ మాట. ఆరు నెల్లయిపోనాది ఈ గోడ మాటాడి. అది ఇనపడకపోతే నాకు తెల్లారినట్టు లేదే. ఆయన పేరు కూడా ఎవులూ అనడం నేదు. అను."

సింహాద్రమ్మ గోడకి నుదురు ఆనించింది. ముందు లచ్చన్న పేరు అంది. ఆ తర్వాతి మాట గొంతులోంచి పైకి రావడానికి చాలాసేపు పట్టింది. మంగాదేవి అంతసేపూ అవతల ఆగింది, మధ్యలో ఏమీ అనకుండా.